కారు జవాబు విన్నాకే కదలండి



ఈ పూట కారు తాళం గురించి మాట్లాడుకుందాం. ఇప్పుడు కారు తాళం అంటే రిమోటే కదా. ఆ రిమోట్ గురించి, దాంతో పాటు వచ్చే అలారం గురించి చెప్తాను. కారు లేనివాళ్లు రేడియో కట్టేయకండి. మీకూ చెప్పాల్సిన మాట ఒకటుంది. నా దృష్టిలో అదే అన్నిటికంటే పెద్దది.

ఏ ఫంక్షన్ హాలు ముందైనా కాసేపు నిలబడి చూడండి. కారొచ్చి ఆగుతుంది. అందరూ దిగుతారు. ఒకరు చీర కుచ్చిళ్లు సర్దుకుంటారు. ఇంకొకరు గిఫ్ట్ ప్యాకెట్ ఎవరి చేతిలో ఉందో వెతుక్కుంటారు. బండి నడిపినాయన అప్పటికే నాలుగడుగులు ముందుంటాడు. తల తిప్పడు. చెయ్యి మాత్రం వెనక్కి పెట్టి రిమోట్ నొక్కుతాడు. నడుస్తూనే ఉంటాడు. తాళం పడిందా? ఆయన చూడలేదు. పడే ఉంటుందని నమ్మకం.

ఆ నమ్మకం గురించే ఇవాళ నా మాట. రిమోట్ నొక్కడమంటే కారుకు కబురు పంపడం. తాళం వేసుకునేది కారే. వేసుకున్నాక అది మనకు జవాబు చెప్తుంది. ఆ జవాబు విన్నాకే అక్కణ్ణించి కదలాలి. ఈ ఒక్క అలవాటు చాలు, రిమోట్ వల్ల వచ్చే చిక్కుల్లో చాలావరకు తప్పిపోతాయి.

ఏమిటా జవాబు? ఇవాళో రేపో మీ కారు పక్కన నిలబడి, తీరిగ్గా ఒకసారి లాక్ బటన్ నొక్కండి. నొక్కగానే నాలుగు తలుపుల్లోంచి ఒకేసారి టక్కుమని చప్పుడొస్తుంది. ప్రతి తలుపు లోపలా ఒక బుల్లి మోటారు ఉంటుంది. అది గొళ్లాన్ని బిగిస్తుంది. ఆ చప్పుడు దానిదే. వెంటనే నాలుగు మూలలా ఇండికేటర్లు పసుపుపచ్చగా మెరుస్తాయి. కొన్ని కార్లలో సైడ్ మిర్రర్లు వాటంతటవే ముడుచుకుంటాయి. ఆ తర్వాత డ్యాష్‌బోర్డు మీద ఎక్కడో ఒకచోట చిన్న ఎర్రదీపం మిణుకు మిణుకుమంటుంది. అలారం కాపలాకి కూర్చుందని దాని అర్థం.

చాలా కార్లలో లాక్ అయితే ఇండికేటర్లు ఒకసారి, అన్‌లాక్ అయితే రెండుసార్లు మెరుస్తాయి. కొన్ని కంపెనీల కార్లలో ఇది తారుమారుగా ఉంటుంది. అందుకే పక్కింటివాళ్ల కారు చూసి నేర్చుకోవద్దు. మీ కారు ఏం చేస్తుందో మీరే చూసి గుర్తుపెట్టుకోండి. చెవితో వినండి. కంటితో చూడండి. ఆఖర్న తలుపు హ్యాండిల్ ఒకసారి లాగి చూడండి.

ఇక్కడో చిన్న చిక్కుంది. స్మార్ట్ కీ అనే తాళం జేబులో ఉండగానే, హ్యాండిల్ మీద చెయ్యి వేస్తే తెరుచుకునే కార్లున్నాయి. వాటిని మీరు లాగి చూస్తే లాక్ పడ్డ తలుపు కూడా తెరుచుకోవచ్చు. అలాంటి కారైతే తాళం పక్కనున్న మనిషి చేతికిచ్చి, ఆయన్ని నాలుగైదు మీటర్లు అవతల నిలబెట్టి, అప్పుడు లాగి చూడండి. రోజూ అక్కర్లేదు. రోజూ అయితే చప్పుడు, దీపం చాలు.

కారు ఎప్పుడు జవాబు చెప్పదు? కారణాల్లో ఎక్కువభాగం చాలా మామూలువి. తలుపు సరిగ్గా పడదు. చున్నీ కొసో, సీటు బెల్టు బకిలో మధ్యలో ఇరుక్కుంటుంది. డిక్కీ పూర్తిగా మూసుకోదు. స్మార్ట్ కీ ఉన్న కార్లలో రెండో తాళం హ్యాండ్‌బ్యాగ్‌లో పడి కారులోనే ఉండిపోతుంది. ఇలాంటప్పుడు కొన్ని కార్లు బీప్ బీప్‌మని గోల చేస్తాయి. ఆ గోల విని విసుక్కుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. ఆ గోల కూడా జవాబే. నేను తాళం వేసుకోలేకపోతున్నాను, ఏదో ఉంది చూడు, అని కారు చెప్తోంది. వెనక్కి వెళ్లి చూడండి.

రిమోట్‌లో సెల్ నీరసించినా ఇలాగే అవుతుంది. మొదట్లో పది పదిహేను మీటర్ల నుంచి పనిచేసేది, రానురాను కారు పక్కకి వెళ్తే గానీ పలకదు. అంటే సెల్ మార్చాలి. ఎక్కువ రిమోట్లలో ఉండేది గుండ్రటి బిళ్ల సెల్. దాని మీద ఏ నంబరుందో చూసి అదే తెచ్చుకోండి. సీఆర్ 2032 అని ఉందనుకోండి. 20 అంటే బిళ్ల వెడల్పు, 20 మిల్లీమీటర్లు. 32 అంటే మందం, 3.2 మిల్లీమీటర్లు. 2025 నంబరు సెల్ కాస్త పల్చన. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకదాని చోట ఇంకొకటి పెడితే ఒదగదు. రిమోట్ విప్పినప్పుడు పాత సెల్లో ప్లస్ గుర్తు ఎటువైపుందో చూసుకుని, కొత్తది కూడా అలాగే పెట్టండి. పాత సెల్ మాత్రం పసిపిల్లల చేతికి అందనివ్వొద్దు. మింగితే ప్రాణం మీదికొస్తుంది.

సెల్ బాగానే ఉంది, తలుపులన్నీ పడ్డాయి, అయినా కారు పలకలేదు. అప్పుడేమనుకోవాలి? అది తెలియాలంటే ఆ రిమోట్ ఏం చేస్తోందో కొంచెం తెలియాలి.

రిమోట్ కూడా ఒక బుల్లి రేడియో స్టేషనే. ఎఫ్‌ఎం రేడియో 88 నుంచి 108 మెగాహెర్ట్జ్‌ల మధ్య వినిపిస్తుంది. మన దగ్గర చాలా కార్ల రిమోట్లు 433 మెగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడతాయి. మీరు బటన్ నొక్కగానే ఆ రిమోట్ గాల్లోకి ఒక రహస్య సంఖ్య పంపుతుంది. కారులో కూర్చున్న రిసీవర్ ఆ సంఖ్య విని, ఇది మన మనిషే అనుకుని తలుపు తీస్తుంది.

ఒకప్పుడు ఈ సంఖ్య ఎప్పుడూ ఒకటే ఉండేది. దొంగ పక్కన నిలబడి ఆ సంఖ్యను ఒక యంత్రంలో పట్టుకునేవాడు. మీరు వెళ్లిపోయాక అదే సంఖ్య మళ్లీ వినిపిస్తే కారు తెరుచుకునేది. దీనికి విరుగుడుగా నొక్కిన ప్రతిసారీ సంఖ్య మారిపోయే పద్ధతి వచ్చింది. ఇలాంటి పద్ధతుల్లో బాగా పేరున్నది కీలాక్. 1980ల నడుమ దక్షిణాఫ్రికాలో పుట్టింది. 1995లో మైక్రోచిప్ అనే అమెరికా కంపెనీ దాన్ని కొనుక్కుంది. ఆ తర్వాత ప్రపంచమంతటా కార్లలో వాడారు.

మీ ఫోనుకు బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ లాంటిదన్నమాట. ఒకసారి వాడేశాక అది చెల్లదు. ఎవరి చేతికి చిక్కినా పనికిరాదు. కారు రిమోట్ కూడా ప్రతి నొక్కుకీ ఒక కొత్త ఓటీపీ పంపుతుంది. కారు దాన్ని సరిచూసుకుని, మరి పాతదాన్ని ఒప్పుకోదు.

మరి దొంగలు ఊరుకుంటారా? సంఖ్యను పట్టుకోవడం కుదరకపోతే, అసలు ఆ సంఖ్య కారుకు చేరకుండా చేద్దామనుకున్నారు. అదే 433 దగ్గర పెద్దగా రొద పెడతారు. జాతరలో మైకు పక్కన నిలబడి మనం పిలిస్తే ఎవరికీ వినబడదు కదా, ఇక్కడా జరిగేది అదే. మీరు నొక్కుతారు. కారుకు వినబడదు. తాళం పడదు. మీరు నడుచుకుంటూ వెళ్లిపోతారు. దొంగ తాపీగా తలుపు తీసి, బ్యాగు, ల్యాప్‌టాప్ తీసుకుని పోతాడు. అద్దం పగలదు, గీత పడదు. తిరిగొచ్చి చూస్తే, తాళం వేసిన కారులోంచి వస్తువులెలా పోయాయని తల పట్టుకుంటారు. అసలు తాళమే పడలేదు. ఇలా రొద పెట్టే యంత్రాలను, అంటే జామర్లను, ప్రైవేటు వ్యక్తులు వాడడం మన దేశంలో చట్టవిరుద్ధం. చట్టవిరుద్ధమని దొంగ ఆగడు. మీరు ఆగాలి, రెండు సెకన్లు, కారు జవాబు వినడానికి.

2015లో అమెరికాలోని లాస్ వేగాస్‌లో డెఫ్‌కాన్ అనే సభ జరిగింది. కంప్యూటర్ భద్రత పరిశోధకులు ఏటా కలుసుకునే సభ అది. అందులో శామీ కామ్కార్ అనే పరిశోధకుడు అరచేతిలో ఇమిడే ఒక పరికరం చూపించాడు. మారే సంఖ్యల తాళాన్ని కూడా అది మోసం చేయగలదు. దాని పనితనం వివరాలు మనకొద్దు. మనకు కావలసిన ఆనవాలు మాత్రం ఒకటుంది. ఆ పరికరం దగ్గర్లో ఉంటే, మీరు మొదటిసారి నొక్కినప్పుడు కారు పలకదు. రెండోసారి నొక్కితే పలుకుతుంది.

సెల్ నీరసించినా ఇలాగే జరగొచ్చు. అందుకని ఒకసారి పలక్కపోగానే గాభరా పడక్కర్లేదు. రోజూ మొదటి నొక్కుకే పలికే కారు, కొత్తచోట పలక్కపోతే, అలాగే రెండు మూడుసార్లు జరిగితే, రిమోట్ నొక్కుతూ కూర్చోవద్దు. డ్రైవర్ తలుపుకు మామూలు తాళపు రంధ్రం ఉంటుంది. తాళంతో వేసి, తలుపులన్నీ పడ్డాయో లేదో లాగి చూసుకోండి. విలువైనవేవీ లోపల వదలకండి. వీలైతే బండి ఇంకోచోటికి మార్చండి.

ఇప్పుడు స్మార్ట్ కీ సంగతి. తాళం జేబులోనే ఉంటుంది. బటన్ నొక్కక్కర్లేదు. మీరు హ్యాండిల్ పట్టుకోగానే కారు చాలా బలహీనమైన సంకేతంతో, తాళం దగ్గర్లో ఉందా అని అడుగుతుంది. తాళం ఉన్నానంటుంది. తలుపు తెరుచుకుంటుంది. సౌకర్యమే. కానీ దీనిలో మీ ప్రమేయం లేదు చూశారా. మీరు నిద్రపోతున్నా, కారు ప్రశ్న తనదాకా వస్తే చాలు, తాళం జవాబిస్తూనే ఉంటుంది.

2011లో స్విట్జర్లాండులోని ఈటీహెచ్ జూరిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ లొసుగును బయటపెట్టారు. ఎనిమిది కంపెనీలకు చెందిన పది మోడళ్ల మీద పరీక్షించారు. ఒక మనిషి కారు దగ్గర, ఇంకో మనిషి తాళం దగ్గర. మధ్యలో సంకేతాన్ని మోసే పరికరాలు. తాళం ఎక్కడో దూరంగా ఉన్నా, పక్కనే ఉందని కారు నమ్మేసింది. ఆ తర్వాత వచ్చిన కొన్ని తాళాల్లో, కాసేపు కదలకుండా ఉంటే తాళం దానంతటదే మౌనంగా ఉండిపోయే ఏర్పాటు పెట్టారు. మీ దాంట్లో ఉందో లేదో షోరూంలో అడగండి.

మన ఇళ్లలో కారు తాళం ఎక్కడుంటుంది? వీధి తలుపు పక్కన, చెప్పుల స్టాండు పైన, మేకుకు వేలాడుతుంది. గోడకు అవతల కారు. స్మార్ట్ కీ అయితే అక్కడ పెట్టొద్దు. లోపలి గదిలో పెట్టండి. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టినా మంచిదే. డబ్బా పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి నిపుణులెవరూ అక్కర్లేదు. తాళం డబ్బాలో పెట్టి మూత బిగించండి. డబ్బా పట్టుకుని కారు పక్కకు వెళ్లి హ్యాండిల్ లాగండి. తెరుచుకోలేదంటే డబ్బా మంచిది. తెరుచుకుందంటే ఇంకో డబ్బా చూడండి. ఇక్కడా అంతే, జవాబు కారునే అడగాలి.

ఆ స్మార్ట్ కీలో సెల్ అర్ధరాత్రి పెళ్లి పందిట్లో అయిపోయిందనుకోండి. దిగులు పడకండి. ఆ ప్లాస్టిక్ పెట్టెలోనే సన్నటి ఇనుప తాళం దాగి ఉంటుంది. చిన్న మీట జరిపితే బయటికొస్తుంది. దాంతో డ్రైవర్ తలుపు తీయొచ్చు. కొన్ని కార్లలో తాళపు రంధ్రం హ్యాండిల్ దగ్గర మూత కింద ఉంటుంది. అలా తీయగానే చాలా కార్లలో అలారం మోగుతుంది. భయపడొద్దు. రిమోట్ లేకుండా తలుపు తెరిచారు కాబట్టి అది తన పని తాను చేస్తోంది. లోపల కూర్చుని, బ్రేకు తొక్కి, ఆ స్మార్ట్ కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కండి. ఎక్కువ కార్లలో ఇంజిను స్టార్టవుతుంది, అలారం ఆగుతుంది. కొన్నింట్లో తాళం పెట్టాల్సిన చోటు వేరే ఉంటుంది. మాన్యువల్‌లో రాసుంటుంది. ఇదంతా అర్ధరాత్రి మొదటిసారి చేసేకంటే, ఓ ఆదివారం పగటిపూట ఇంటిముందే ఒకసారి చేసి చూసుకోవడం మంచిది. భార్యాభర్తలిద్దరూ చూసుకోండి.

మళ్లీ దొంగ దగ్గరికొద్దాం. తాళం పక్కనే ఉందని కారును నమ్మించలేకపోతే, తలుపు తెరిచినంత మాత్రాన దొంగ కారుతో పారిపోలేడు. దానికి కారణం ఇమ్మొబిలైజర్. తాళంలో ఒక చిప్ ఉంటుంది. ఆ చిప్ సరైన సంఖ్య చెప్తేనే ఇంజిను కదులుతుంది. ఐరోపాలో కొత్త కార్లకు దీన్ని 1998లో తప్పనిసరి చేశారు. నెదర్లాండ్స్‌లో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కలు కట్టి, దీనివల్ల కారు దొంగతనాలు సగటున 40 శాతం దాకా తగ్గాయని తేల్చారు. అమెరికాలో దీన్ని చట్టంతో తప్పనిసరి చేయలేదు. అక్కడ అమ్మిన హ్యుందాయ్, కియా కార్లలో కొన్ని మోడళ్లకు ఇది లేదు. 2021 తర్వాత కుర్రాళ్లు వీడియోలు చూసి నేర్చుకుని ఆ కార్లను పెద్దఎత్తున ఎత్తుకెళ్లారు. 2023 ఫిబ్రవరిలో ఆ కంపెనీలు ఉచితంగా సాఫ్ట్‌వేర్ మార్చి ఇస్తామని ప్రకటించాయి. అందులో ఒక మార్పు, అలారం మోగే సమయాన్ని 30 సెకన్ల నుంచి ఒక నిమిషానికి పెంచడం. రెండో మార్పు, తాళం పెడితే తప్ప బండి స్టార్ట్ కాకుండా చెయ్యడం. నన్నడిగితే అసలు పని చేసేది రెండోది. చప్పుడు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

ఎందుకంటే చప్పుడు వినివిని జనం పట్టించుకోవడం మానేస్తారు. దీపావళి రాత్రి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలబడండి. పైన ఎవరో వెయ్యి వాలా అంటిస్తారు. కింద వరసగా పది కార్లు అరుస్తాయి. అదిరితే మోగే సెన్సర్ వాటిల్లో ఉంటుంది. పిల్లి బానెట్ మీదికి దూకినా, పక్కనుంచి లారీ వెళ్లినా కొన్ని మోగుతాయి. ఇలా ఊరికే మోగే అలారం ఉన్న కారు ఎవరిదైనా, సరిచేయించుకోవడం ఆయన బాధ్యత. బయట షాపుల్లో పెట్టించిన అలారాలకు మామూలుగా సున్నితత్వం తగ్గించే ఏర్పాటు ఒకటి ఉంటుంది. పెట్టినవాడి దగ్గరికి వెళ్తే ఐదు నిమిషాల పని. రాత్రిళ్లు చదువుకునే పిల్లలుంటారు, జబ్బుతో పడుకున్నవాళ్లుంటారు. మీ కారు రాత్రిపూట మూడోసారి మోగాక, నాలుగోసారి నిజంగా దొంగొచ్చి మోగినా ఎవరూ కిటికీ తీసి చూడరు.

అలారం పెట్టించుకునేవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. వైర్లు కోసి, టేపు చుట్టి బిగించే పని ఒప్పుకోవద్దు. షార్ట్ సర్క్యూట్ అయ్యే ప్రమాదముంది, కారు వారంటీకి కూడా ఇబ్బంది. కారు వైరింగ్ కోయకుండా కప్లర్‌తో బిగించేదే అడగండి. పుణెలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐ ఆమోదించిన పరికరమైతే, మన మోటారు టారిఫ్‌లో ఇన్సూరెన్స్ ప్రీమియం రాయితీ కూడా రాసి ఉండేది. సొంత నష్టం భాగంలో రెండున్నర శాతం, 500 రూపాయలకు మించకుండా. పెద్ద మొత్తం కాదు. ఇప్పుడూ ఇస్తారేమో కంపెనీని అడిగితే పోయేదేమీ లేదు.

కొన్ని రిమోట్ల మీద ఎర్రటి హారన్ గుర్తున్న బటన్ ఉంటుంది. పానిక్ బటన్ అంటారు. నొక్కి పట్టుకుంటే హారన్, లైట్లు ఒకేసారి మొదలవుతాయి. పెద్ద పార్కింగ్‌లో కారు కనబడనప్పుడు దీన్ని వాడుకోవచ్చు. ఆడవాళ్లు రాత్రిపూట ఒంటరిగా సెల్లార్‌లోకి దిగేటప్పుడు రిమోట్ బ్యాగు అడుగున కాకుండా చేతిలో పట్టుకుని దిగండి. ఎవరైనా వెంటపడుతున్నట్టనిపిస్తే మొహమాటపడకుండా నొక్కండి. ఆ చప్పుడుకు ఎవరు తిట్టుకున్నా ఫరవాలేదు.

రెండో తాళం గురించి కూడా చెప్పాలి. కొత్త కారు కొంటే రెండు తాళాలిస్తారు. కొన్నింటికి తాళం నంబరున్న చిన్న రేకు కూడా ఇస్తారు. ఆ రేకును తాళాల గుత్తికి వేలాడదీయొద్దు. ఆర్సీ, ఇన్సూరెన్స్ కాగితాలతో పాటు ఇంట్లో దాచండి. కారు పోతే ఇన్సూరెన్స్ కంపెనీ ముందుగా అడిగేవాటిలో ఆ రెండు తాళాలూ ఉంటాయి. ఒకటే ఇస్తే రెండోది ఏమైందన్న ప్రశ్న వస్తుంది. పాత కారు కొనేటప్పుడు రెండు తాళాలూ అడిగి తీసుకోండి. ఒకటి పోయిందంటే, షోరూంకి వెళ్లి పోయిన తాళాన్ని కారు జ్ఞాపకంలోంచి తీసేయించండి. ఆ తర్వాత అది దొరికినవాడికి కూడా ఇంజిను కదలదు.

ఇన్సూరెన్స్ మాటొచ్చింది కాబట్టి ఇది కూడా వినండి. కారు పోయిందని తెలియగానే 112కి ఫోన్ చేయండి, ఎఫ్ఐఆర్ రాయించండి, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా వెంటనే చెప్పండి. పోలీసులకు వెంటనే చెప్పి, కంపెనీకి చెప్పడం మాత్రం ఆలస్యమైతే, ఆ ఒక్క కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదని 2020లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కానీ తాళం బండిలోనే వదిలి దిగితే సంగతి వేరు. తాళం ఉండగా లారీ పోయిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2023లో 75 శాతం ఇప్పించింది. అంటే నాలుగో వంతు పోయినట్టే. టీ తాగడానికి దిగినా తాళం తీసుకునే దిగండి.

ఇప్పుడు ఫోన్ యాప్‌తో లాక్ చేసే కార్లూ వచ్చాయి. ఊరవతల ఉన్నా కారు లాక్ అయిందో లేదో ఫోన్‌లో కనిపిస్తుంది. కారు ఎక్కడుందో మ్యాపులో చూపిస్తుంది. మంచిదే. వాడండి. అయితే కారు అమ్మేటప్పుడు యాప్‌లోంచి మీ పేరు తీసేయడం మర్చిపోవద్దు. కొనేవాళ్లు కూడా, పాత యజమాని పేరు తీసేశారని కళ్లారా చూసుకున్నాకే డబ్బివ్వండి. లేకపోతే మీ కారు ఎక్కడెక్కడ తిరుగుతోందో ఇంకొకరికి కనబడుతూ ఉంటుంది.

ఇంతసేపూ దొంగల గురించి చెప్పాను. ఇప్పుడు కారు లేనివాళ్లు కూడా వినాల్సిన మాట.

2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు చిన్నపిల్లలు ఆడుకుంటూ ఆడుకుంటూ, ఆగి ఉన్న కారులోకి ఎక్కారు. తలుపులు పడిపోయాయి. బయటికి రాలేకపోయారు. ఎవరూ చూడలేదు. నలుగురూ చనిపోయారు. ఇలాంటివి తెలంగాణలోనూ జరిగాయి. ఎండాకాలం సెలవుల్లో మళ్లీ మళ్లీ జరుగుతున్నాయి.

మనం ఊళ్లో బండి ఇంటిముందు ఆపినప్పుడు తాళం వేయం. ఇంటిముందే కదా, ఎవరు తీసుకుపోతారు, అనుకుంటాం. దొంగ రాకపోవచ్చు. పిల్లలొస్తారు. కారంటే పిల్లలకు ఇష్టం. స్టీరింగు తిప్పుతారు, సీట్ల మీద దూకుతారు. వెనక తలుపులకు చైల్డ్ లాక్ ఉందనుకోండి, లోపలినుంచి హ్యాండిల్ ఎంత లాగినా అది తెరుచుకోదు. కారు నడుస్తున్నప్పుడు పిల్లలు పడిపోకూడదని పెట్టిన ఏర్పాటు అది. ఆగి ఉన్న కారులో అదే అడ్డమవుతుంది. అద్దాలు దించుదామంటే ఇగ్నిషన్ ఆన్‌లో ఉండాలి. ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే వేడి దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. అద్దం కొంచెం దించి పెట్టినా పెద్ద తేడా ఉండదు. పిల్లల ఒళ్లు పెద్దవాళ్ల ఒంటికంటే చాలా త్వరగా వేడెక్కుతుంది.

అందుకని ఇంటిముందు ఆపినా, పొలం గట్టున ఆపినా, రెండు నిమిషాలకైనా సరే తాళం వేయండి. వేసేముందు వెనక సీటు చూడండి. సీటు కింద కూడా చూడండి. దాగుడుమూతలాడే పిల్లలు అక్కడే నక్కుతారు. డిక్కీ కూడా మూసి తాళం పడేలా చూడండి. వేశాక కారు జవాబు వినండి. ఇక్కడ ఆ జవాబు విలువ ల్యాప్‌టాప్ కాదు, ఒక పిల్ల ప్రాణం. రిమోట్ పిల్లలకు ఆటవస్తువుగా ఇవ్వకండి. ఏడుస్తున్నా ఇవ్వకండి.

ఇంట్లో పిల్లలు కనబడకపోతే, బావి దగ్గర, చెరువు దగ్గర వెతికినట్టే వీధిలో ఆగి ఉన్న ప్రతి కారులోకీ తొంగి చూడండి. అద్దాలకు నల్ల ఫిల్ము ఉంటే ముఖం ఆనించి చూడండి. లోపల పిల్లలుండి తలుపు తెరుచుకోకపోతే, కారు ఎవరిదా అని ఆలోచిస్తూ నిలబడకండి. 112కి ఎవరితోనైనా ఫోన్ చేయించండి. ఈలోపు పిల్లలకు దూరంగా ఉన్న పక్క కిటికీ అద్దాన్ని మూలలో గట్టిగా కొట్టి పగలగొట్టండి. ముందు అద్దం జోలికి వెళ్లొద్దు. అది రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పెట్టి చేసినది, తొందరగా పగలదు.

ఇంకొక్క పని. మీ ఇంట్లో కారుంటే ఇవాళ సాయంత్రమే చెయ్యండి. లేకపోతే పక్కింటివాళ్ల కారు దగ్గరికి, వాళ్లనడిగి, పిల్లల్ని తీసుకెళ్లండి. చిన్నపిల్లలు కూడా ఇది నేర్చుకోగలరు. వెనక సీట్లోంచి ముందు సీట్లోకి పాకి రావడం నేర్పండి. ముందు తలుపు లోపలి హ్యాండిల్ లాగడం నేర్పండి. చాలా కార్లలో ముందు తలుపు హ్యాండిల్‌ను లోపలినుంచి ఒకసారో రెండుసార్లో లాగితే తెరుచుకుంటుంది. అది తెరుచుకోకపోతే స్టీరింగు మధ్యలో రెండు చేతులూ పెట్టి హారన్ నొక్కడం నేర్పండి. ఇంజిను ఆగి ఉన్నా చాలా కార్లలో హారన్ మోగుతుంది. ఎవరో ఒకరు వచ్చేదాకా నొక్కుతూనే ఉండాలని చెప్పండి. మీ కారులో ఏది పనిచేస్తుందో ముందు మీరు చూసుకుని, తర్వాత వాళ్లచేత చేయించండి. ఒకసారి చెప్పి వదిలేయొద్దు, వాళ్ల చేతులతో చేయించండి.

ఇక వినేవాళ్ల వంతు. ఆగి ఉన్న కారు హారన్ ఆగకుండా మోగుతుంటే, ఎవరిదో అలారం పాడైందనుకుని కిటికీ మూసుకోకండి. బయటికొచ్చి, ఆ కారు దాకా నడిచి, లోపలికి తొంగి చూడండి.